పదిహేడో ప్రతిజ్ఞ తప్పినవాడికి పదమూడో ప్రతిజ్ఞ వర్తిస్తుందా?





ఈ చిన్న పుస్తకం ఒక తల్లి అడిగిన ప్రశ్నతో మొదలవుతోంది. ఆమెది అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆసుపత్రి దగ్గర ఇడ్లీ బండి పెట్టుకొని బతుకుతుంది. ఆదివారం వందనకు తప్పకుండా వస్తుంది. త్రిశరణాలు, పంచశీలాలు మనందరికంటే గట్టిగా పలుకుతుంది. ఒక ఆదివారం అందరూ చెప్పులు వేసుకొని వెళ్ళిపోయినా ఆమె చాప మీద నుంచి లేవలేదు.

"అన్నా, నా కొడుకు గంజాయి కేసుల లోపటున్నడు. రెండేండ్లాయె. ఇరవై ఒక్క కిలోల సంచి మోసిండట. ఐదు వేలిస్తమన్నరట. వాడు తాగడు. గని మోసిండు, అబద్ధమెందుకు? పదిహేడో ప్రతిజ్ఞ తప్పినట్టే గదా. అసొంటోని మీద దయ జూపమని నేను అడగొచ్చునా? అడిగితే బాబాసాహెబ్ మాట తప్పినదాన్నయితనా?"

ఆ రోజు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "అక్కా, వచ్చే వారం మాట్లాడుకుందాం" అన్నాను. ఆమె అడిగింది ఆమె ఒక్కదాని ప్రశ్న కాదు. మన బస్తీల్లో ఎన్నో ఇళ్ళల్లో ఈ ప్రశ్న ఉంది, సిగ్గుతో బయటికి రావడం లేదు, అంతే. అందుకే ఆమెకు చెప్పాల్సిన జవాబును మీ అందరి ముందూ పెడుతున్నాను. చదవండి, ఒప్పుకోకపోతే వాదించండి. ఎవరో చెప్పారని కాకుండా మీరే పరీక్షించి చూసుకొని తీసుకోవాలన్నదే మన గురువు నేర్పిన పద్ధతి.

మొదట ఒక మాట తేల్చుకుందాం

గంజాయి మంచిదని గానీ, పెద్ద విషయం కాదని గానీ ఈ పుస్తకం అనడం లేదు. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్ దీక్షాభూమిలో బాబాసాహెబ్ ఇప్పించిన 22 ప్రతిజ్ఞల్లో పదిహేడోది మత్తుకు దూరంగా ఉండమంటుంది. పంచశీలాల్లో ఐదోదీ అదే. మత్తు మనిషిని ప్రమత్తుణ్ణి చేస్తుంది. ఎరుక పోయినవాడు మిగతా నాలుగు శీలాలూ నిలుపుకోలేడు. తరతరాలుగా మనవాళ్ళ కూలి డబ్బులు కల్లు దుకాణానికి, గుడుంబా బట్టీకి పోయాయి. పిల్లల ఫీజు కావాల్సిన డబ్బు సీసా అయింది. ఈ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఆ అక్కతో చెప్పాను. తాగకపోయినా మోయడం తప్పే. బుద్ధుడు ఉపాసకులకు వద్దన్న ఐదు వ్యాపారాల్లో మత్తు వ్యాపారం ఒకటి. అది సమ్మా ఆజీవం కాదు. ఆ సంచి దిగిన చోట ఎవరి పిల్లాడో దాన్ని పీల్చి చదువు మానేస్తాడు. కాబట్టి ఆమె కొడుకు చేసింది తప్పని ధమ్మమూ అంటుంది, చట్టమూ అంటుంది. అందులో వాదన లేదు.

తప్పు చేశాడు సరే, ఇప్పుడు వాడికి ఎంత శిక్ష న్యాయం? ఆ శిక్షలో దయకు చోటుండాలా? మనం ఆలోచించాల్సింది అది.

తూకం చూసే చట్టం

మాదకద్రవ్యాల మీద ఉన్న చట్టం 1985లో వచ్చింది. ఎన్.డి.పి.ఎస్. చట్టం అంటారు. మొదట్లో గంజాయి కేసుల్లో శిక్ష 5 ఏళ్ళు మించకుండా ఉండేది, కనీసం ఇంత వెయ్యాలనే నియమం లేదు. 2001 సవరణ తర్వాత తూకాన్ని బట్టి శిక్ష వచ్చింది. ఇప్పుడు లెక్క ఇలా ఉంది. 1 కిలో వరకు చిన్న పరిమాణం. ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 1 కిలో దాటి 20 కిలోల లోపు అయితే 10 ఏళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కనీసం 10 ఏళ్ళు, గరిష్ఠం 20 ఏళ్ళు, జరిమానా లక్షకు తగ్గదు.

ఆ 'కనీసం' అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. సంచి 19 కిలోలుంటే జడ్జి గారు ముద్దాయి వయసు చూడొచ్చు, మొదటి తప్పా కాదా చూడొచ్చు, ఇంట్లో ఎవరున్నారో చూడొచ్చు, రెండేళ్ళో మూడేళ్ళో వెయ్యొచ్చు. అదే సంచి 21 కిలోలైతే ఇవన్నీ చూసినా పదేళ్ళకు ఒక్క రోజు కూడా తగ్గించలేరు. సరుకు కొన్నది ఎవరు, డబ్బు పెట్టింది ఎవరు, ఐదు వేలకు మోసింది ఎవరు అన్న తేడా ఆ కనీసం దగ్గర పనిచెయ్యదు. తక్కెడ ముల్లే తీర్పు రాసేస్తోంది.

శిక్ష పడకముందే ఇంకో గోడ ఉంది. 37వ సెక్షన్ ప్రకారం, వాణిజ్య పరిమాణం కేసుల్లో ప్రభుత్వ వకీలు వ్యతిరేకిస్తే, ముద్దాయి నిర్దోషి అనుకోవడానికి తగిన కారణాలున్నాయని కోర్టుకు నమ్మకం కలగాలి, బయటికి వస్తే మళ్ళీ తప్పు చెయ్యడని కూడా నమ్మకం కలగాలి. అప్పుడే బెయిల్. విచారణే మొదలు కాని కేసులో ఆ నమ్మకం కలిగించడం పెద్ద వకీళ్ళకే కష్టం. ఇడ్లీ బండి తల్లి ఏం చేస్తుంది? నాంపల్లి కోర్టుకూ చంచల్‌గూడ జైలుకూ మధ్య తిరుగుతూ ఉంటుంది. 2022 జైలు లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో ప్రతి 100 మందిలో 75 మందికి పైగా శిక్ష పడినవాళ్ళు కాదు, విచారణలో ఉన్నవాళ్ళు. వాళ్ళల్లో మనవాళ్ళు, ఆదివాసులు, వెనుకబడిన కులాలవాళ్ళే ఎక్కువ.

శిక్ష పడ్డాక మూడో గోడ. జైల్లో మంచిగా నడుచుకున్న మామూలు ఖైదీకి శిక్షలో కొంత తగ్గింపు ఉంటుంది. ఈ చట్టం కింద శిక్ష పడినవాళ్ళకు, సొంతానికి వాడిన కేసుల్లో తప్ప, 32ఎ సెక్షన్ ఆ తగ్గింపును ఆపేసింది. అంటే లోపల చదువుకున్నా, పని నేర్చుకున్నా, పూర్తిగా మారినా లెక్క మారదు. మారడానికి కారణమే లేకుండా చేసిన శిక్ష ఇది.

ఇదే చట్టంలో ఇంకో సంగతి. గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మ చివర్లు అని నిర్వచనం. ఆకు మాత్రమే అయితే అందులోకి రాదు. అందుకే ఆకుతో చేసిన భంగు ఈ కేంద్ర చట్టం కిందికి రాదు. పండగకు కొందరు భంగు తాగితే అది ఆచారం. ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన దుకాణంలో సీసా అమ్మితే అది ఆదాయం. మన పిల్లాడు సంచి మోస్తే పదేళ్ళు. మూడూ మత్తే. ధమ్మం మూడింటినీ వద్దంటుంది. రాజ్యం మాత్రం తేడా చూపిస్తోంది. ఆ తేడా ఎవరి నెత్తిన పడుతోందో మీకు తెలుసు.

సంచి ఎక్కడి నుంచి వస్తుంది?

అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ, దాని పక్కన ఒడిశా మల్కనగిరి కొండలు. అక్కడ పండుతుంది. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. అయినా సంచులు ఆగలేదు. బస్సుల్లో, రైళ్ళల్లో, కూరగాయల బండ్లలో వస్తూనే ఉన్నాయి. పండించేవాడు అప్పుల్లో ఉన్న ఆదివాసి రైతు. మోసేవాడు పని లేని కుర్రాడు. డబ్బు పెట్టినవాడు ఆ సంచిని ఒక్కసారి కూడా ముట్టుకోడు. ముట్టుకోడు కాబట్టే దొరకడు.

మనకు దగ్గర్లోనే ఇంకో పాఠం ఉంది. అఫ్జల్‌గంజ్ నుంచి ధూల్‌పేట ఎంతో దూరం కాదు. అక్కడ దశాబ్దాల పాటు కొన్ని కుటుంబాలకు గుడుంబానే బతుకుదెరువు. ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టి బట్టీలు ఆపించింది, మంచి పనే. అయితే చేతిలో ఇంకో పని నిలబడని చోట కొందరు గంజాయి పొట్లాల్లోకి దిగారు. 2024లో ఎక్సైజ్ శాఖ మళ్ళీ 'ఆపరేషన్ ధూల్‌పేట' అంటూ వీధి వీధీ వెతకాల్సి వచ్చింది. అక్కడి జనమంతా అంతేనని నేననను. అలా ఒక బస్తీ మొత్తానికి ముద్ర వెయ్యడం ఎంత అన్యాయమో మనకంటే ఎవరికి తెలుసు? నేను చెప్పేది ఒక్కటే. పని చూపించకుండా ఒక తలుపు మూస్తే పక్క తలుపు తెరుచుకుంటుంది.

బుద్ధుడు ఈ సంగతి ముందే చూశాడు

దీఘనికాయంలో చక్కవత్తి సీహనాద సుత్తం ఉంది. ఒక రాజు అన్నీ సరిగ్గా చేశాడు గానీ బీదలకు బతుకుదెరువు చూపలేదు. బీదతనం పెరిగింది, దొంగతనం పుట్టింది. మొదట దొంగను పిలిచి డబ్బిచ్చి పంపాడు. దొంగతనం చేస్తే డబ్బిస్తారని ఇంకొందరు మొదలుపెట్టారు. అప్పుడు రాజు కోపంతో ఒకడి తల తీయించాడు. జనం ఏం నేర్చుకున్నారు? మనమూ కత్తులు చేయించుకుందాం, సాక్ష్యం మిగలకుండా చంపేద్దాం అని నేర్చుకున్నారు. గమనించండి, ఈ కథలో ఉత్త జాలీ ఓడిపోయింది, ఉత్త కత్తీ ఓడిపోయింది. మొదటి తప్పు దొంగది కాదు, బతుకు చూపని రాజుది.

కూటదంత సుత్తంలో దానికి మందు కూడా ఉంది. రాజ్యంలో దోపిడీలు ఎక్కువయ్యాయి. చంపించి, బంధించి లాభం లేదు, మిగిలినవాళ్ళు మళ్ళీ అదే చేస్తారని పురోహితుడు రాజుకు చెబుతాడు. సేద్యం చేసేవాడికి విత్తనం, వ్యాపారం చేసేవాడికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇయ్యమంటాడు. రాజు అలాగే చేశాడు. జనం తలుపులు తీసుకొని నిద్రపోయారు.

ఇక అంగులిమాలుడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ధమ్మం'లో పతితుల, నేరస్థుల మార్పు గురించి చెప్పిన చోట ఈ కథకు స్థానం ఇచ్చారు. అంగులిమాలుడు సంచులు మోసినవాడు కాదు, మనుషుల్ని చంపినవాడు. పసేనది రాజు సైన్యంతో వాణ్ణి పట్టుకోవడానికి బయలుదేరి, బుద్ధుడి దగ్గర కాషాయం కట్టుకొని కూర్చున్న అదే మనిషిని చూశాడు. మారాడని తెలిసి కత్తి పక్కన పెట్టాడు. అయితే కథ అక్కడితో అయిపోలేదు. తర్వాత అంగులిమాలుడు భిక్షకు వెళ్తే జనం రాళ్ళతో కొట్టారు. నెత్తురు కారుతూ వచ్చినవాణ్ణి బుద్ధుడు ఓర్చుకోమన్నాడు. దయ అంటే చేసినదాన్ని చెరిపెయ్యడం కాదని ఆ కథ చెబుతుంది. చేసినదాని బరువు వాడు మోస్తాడు, మోస్తూనే మనిషిగా బతికే దారి వాడికి మూసెయ్యకూడదు.

మన తెలుగు నేల మీదే ఇంకో సాక్ష్యం ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. ఐదో శిలాశాసనంలో ధమ్మ మహామాత్రులకు ఆయన అప్పగించిన పనుల్లో ఖైదీల సంగతి ఒకటి. పిల్లలున్నవాడా, ముసలివాడా, ఇంకొకరి ప్రేరణతో చేశాడా అని చూసి సాయం చెయ్యాలి, విడిపించాలి. ఒక స్తంభ శాసనంలో తన 26 ఏళ్ళ పాలనలో 25 సార్లు ఖైదీల్ని విడుదల చేశానని ఆయనే చెప్పుకున్నాడు. 2,200 ఏళ్ళ కిందటి రాజు మనిషిని చూడమన్నాడు. మన చట్టం తూకం చూడమంటోంది.

నాగార్జునుడు శాతవాహన రాజుకు రాశాడని చెప్పే 'రత్నావళి'లోనూ ఇదే. శిక్ష వద్దని ఆయన అనలేదు. చెడిన కొడుకును బాగుచెయ్యాలని తండ్రి దండించినట్టు దండించు, పగతోనో డబ్బు కోసమో కాదు అన్నాడు. ఖైదీలకు తిండి, బట్ట, స్నానం, మంగలి, మందు అందించమన్నాడు, బలహీనుల్ని త్వరగా విడిచిపెట్టమన్నాడు.

మీరు అడగబోయే ప్రశ్న

ఈ మాటలు వందన తర్వాత చెబితే ఒక పెద్దాయన లేచాడు. "మా గల్లీల పోరగాండ్లు గంజాయికి పాడయితుంటే మీరు మోసినోళ్ళ మీద దయ అంటున్నరు. మా మనుమని సంగతేంది?" అన్నాడు. ఆయన మనవడు మత్తుకు బానిసై చదువు మానేశాడు. ఆ కోపం అబద్ధం కాదు. ఆ కోపానికి జవాబు చెప్పకుండా కరుణ అనే మాట ఎత్తే హక్కు మనకు లేదు.

నా జవాబు ఇది. తాతా, మీ మనవడికి కావాల్సింది ఆసుపత్రి. జైలు కాదు. ఈ చట్టమే ఆ మాట ఒప్పుకుంది. 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోనో చిన్న పరిమాణం కేసులోనో ఉన్న బానిస తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్ళి పూర్తి చేస్తే, ఆ కేసు నుంచి రక్షణ ఉంది. 39వ సెక్షన్ కింద కోర్టే చికిత్సకు పంపొచ్చు. ఈ రెండూ పుస్తకంలోనే ఉండిపోతున్నాయి, ఎందుకంటే అడిగేవాడు లేడు.

ఇక మోసినవాడి సంగతి. వాణ్ణి శిక్షించొద్దని నేననలేదు. పదేళ్ళు వేస్తే మీ గల్లీకి సంచి రావడం ఆగిందా? ఒకడు లోపలికి పోయిన మర్నాడే ఇంకొకడు ఐదు వేలకు దొరుకుతాడు. పని లేని కుర్రాళ్ళకు కరువు లేదు. మోసినవాడికి పదేళ్ళూ, మోయించినవాడికి ఏమీ లేకపోవడం మీ మనవడికి న్యాయం ఎలా అవుతుంది? డబ్బు పెట్టినవాణ్ణి, పిల్లల చేత అమ్మించేవాణ్ణి, ఆయుధం పట్టినవాణ్ణి వదలమని ఈ పుస్తకం ఎక్కడా అనదు. అందర్నీ ఒకే తక్కెడలో వెయ్యొద్దంటుంది.

ఇంకొందరు "వాడి ఖర్మ, అనుభవించనీ" అంటారు. ఆ మాట మన నోట రాకూడదు. పోయిన జన్మ పాపం అని చెప్పి మనల్ని ఊరి బయట కూర్చోబెట్టిన మాట అది. బాబాసాహెబ్ దాన్ని కాదన్నారు. మనిషి స్థితికి ఈ లోకంలో కారణాలుంటాయి. కారణాలు మారిస్తే స్థితి మారుతుంది.

దయకు చట్టంలో ఉన్న తలుపులు

1949 జూన్ 3న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ బాబాసాహెబ్ మరణశిక్షనే రద్దు చెయ్యడం మేలన్నారు. ఆయన పెద్దదిక్కుగా తయారైన రాజ్యాంగం 72వ అధికరణంలో రాష్ట్రపతికి, 161లో గవర్నర్‌కు క్షమాభిక్ష అధికారం ఇచ్చింది. 2000లో సుప్రీంకోర్టు 32ఎ సెక్షన్‌ను పరిశీలించింది. అప్పీలులో శిక్షను నిలిపే అధికారాన్ని కోర్టుల నుంచి తియ్యడం చెల్లదంది. ప్రభుత్వం ఇచ్చే తగ్గింపుల మీద నిషేధాన్ని మాత్రం ఉంచింది. రాష్ట్రపతి, గవర్నర్ అధికారాలు రాజ్యాంగం నుంచి వచ్చినవి కాబట్టి వాటికి ఈ సెక్షన్ అడ్డం కాదు. ఆ తలుపుకు తాళం లేదు. తట్టేవాళ్ళే లేరు.

బెయిల్ సంగతిలోనూ కొంత వెలుగుంది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు, గంజాయి కేసులో ఏడేళ్ళకు పైగా విచారణ ఖైదీగా ఉన్న యువకుడికి బెయిల్ ఇచ్చింది. విచారణ అంతులేకుండా సాగితే 37వ సెక్షన్ పేరు చెప్పి మనిషిని లోపల ఉంచలేమంది. బీదవాళ్ళ కుటుంబాలు చెదిరిపోతున్న సంగతి కూడా చెప్పింది. ఇదే చట్టంలో రెండోసారి నేరానికి తప్పనిసరి మరణశిక్ష ఒకప్పుడు ఉండేది. 2011లో బొంబాయి హైకోర్టు దాన్ని తప్పుబట్టింది, 2014లో పార్లమెంటు మార్చింది. అంటే ఈ చట్టం కదలని రాయేమీ కాదు.

బయటి దేశాల సంగతీ వినండి. అమెరికాలో ఒకే కొకైన్, పొడి రూపంలో అయితే ఒక లెక్క, నల్లజాతి బస్తీల్లో దొరికే రాయి రూపంలో అయితే 100 రెట్లు కఠినమైన లెక్క ఉండేది. 2010లో దాన్ని 18 రెట్లకు దించారు. ఒబామా 1,715 మంది శిక్షలు తగ్గించారు, వాళ్ళల్లో ఎక్కువమంది మత్తు కేసులవాళ్ళు. 2025 జనవరిలో బైడెన్ హింస లేని మత్తు కేసుల్లో ఉన్న దాదాపు 2,500 మంది శిక్షలు తగ్గించారు. ఇవి ఊరికే రాలేదు. తల్లులు, చర్చిలు, వకీళ్ళు ఏళ్ళ తరబడి ఒక్కొక్కరి కాగితం పట్టుకొని అడిగితే వచ్చాయి.

మనం ఏం అడగాలి, ఏం చెయ్యాలి

మొదటిసారి పట్టుబడి, హింస లేకుండా, కూలికి మోసినవాళ్ళ విషయంలో కనీస శిక్షకు తగ్గించే అధికారం జడ్జికి ఉండాలి. జైల్లో మారినవాడికి శిక్ష తగ్గింపు ఉండాలి. వాడకానికి బానిసైనవాడికి చికిత్స ముందు రావాలి. మానేసిన వ్యాపారానికి బదులు బతుకుదెరువు చూపించాలి. ఇవి మనం అడగాల్సినవి.

ఎదురుచూడకుండా చెయ్యాల్సినవీ ఉన్నాయి. జైల్లో ఉన్నవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు న్యాయసేవల సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పెట్టించుకునే హక్కు ఉంది, ఆదాయంతో సంబంధం లేదు. 15100కి ఫోన్ చెయ్యండి. మత్తు మానాలనుకునేవాళ్ళకు 14446 ఉంది. ఇంకొకటి, అన్నిటికంటే కష్టమైనది. జైలు నుంచి వచ్చినవాడు విహార్ మెట్ల దగ్గర నిలబడితే లోపలికి పిలవండి. పక్కన చాప వెయ్యండి. వాడి తల్లి వందనకు వస్తే గుసగుసలు ఆపండి.

చివరగా ఆ అక్కకు చెప్పిన మాట. అక్కా, నీ కొడుకు తప్పు చేశాడని నువ్వే ఒప్పుకున్నావు. అది సత్యం. ఆ సత్యం చెప్పాక దయ అడగడం ప్రతిజ్ఞ తప్పడం కాదు. మత్తు ముట్టనని పదిహేడో ప్రతిజ్ఞలో చెప్పుకున్నాం. ప్రాణులన్నింటి మీదా కరుణ చూపిస్తానని పదమూడో ప్రతిజ్ఞలో చెప్పుకున్నాం. రెండూ ఒకే రోజు, ఒకే నోటితో చెప్పాం. మొదటిది మన మీద మనం వేసుకున్న కట్టు. రెండోది ఎదుటివాడికి మనం ఇచ్చిన మాట. కట్టు మన చేతికే వేసుకోవాలి గానీ ఎదుటివాడి మెడకు బిగించకూడదు.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకొని, "మరి అర్జీ ఎవరు రాస్తరన్నా?" అని అడిగింది. ఆ సాయంత్రమే కూర్చొని రాశాం. మీ బస్తీలో రాసేవాళ్ళు మీరే కావాలి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.